గుర్రం దిగి బొగ్గు రైలెక్కిన కౌబాయ్

1881 అక్టోబర్ 26న అరిజోనాలోని టూంబ్‌స్టోన్ అనే ఊళ్లో, ఓ.కె. కొరాల్ దగ్గర తుపాకులు పేలాయి. అంతా కలిపి అర నిమిషం, ముగ్గురు పోయారు. ఆ అర నిమిషాన్ని పట్టుకుని సినిమావాళ్లూ బొమ్మల కథలవాళ్లూ వందేళ్లు బతికారు. కానీ టూంబ్‌స్టోన్ వెండి గనుల ఊరన్న సంగతి ఆ కథల్లో చాలామందికి గుర్తుండదు. మరో పేరుమోసిన ఊరు డెడ్‌వుడ్ కూడా బంగారం దొరికితే వెలసిందే. గని పడింది, ఊరు లేచింది, డబ్బు ముందొచ్చింది, చట్టం తాపీగా తర్వాత వచ్చింది. ఆ రెంటి మధ్య సందులోంచి పుట్టుకొచ్చినవాడే తుపాకి వీరుడు.

గని వల్ల ఊరు పుట్టడమంటే ఏమిటో గోదావరిఖనికి ఒకరు చెప్పనక్కర్లేదు. 1960ల్లో రామగుండం ప్రాంతంలో సింగరేణి బొగ్గు బాయిలు తెరుచుకున్నాక, ఎక్కడెక్కడి పల్లెల నుంచో జనం వచ్చి కట్టుకున్న పట్నమిది. పేరులోనే ఖని ఉంది. అయితే ఇక్కడి బొగ్గు సర్కారు కంపెనీది. బాయిలోకి దిగినవాడికి షిఫ్టు ఉంది, మస్టర్ ఉంది, యూనియన్ ఉంది. వీధి నడుమ ఎదురెదురుగా నిలబడి పిస్తోళ్లు దూసే అవసరం రాలేదు. అందుకేనేమో, తెలుగు కౌబాయ్ ఇటువైపు చూడటానికి చాలాకాలం పట్టింది.

ముందు ఆ బొమ్మల కథల పనితనం చూడాలి. వెస్టర్న్ అనే ఈ కౌబాయ్ కామిక్‌లో నిజానికి చెప్పాల్సిన కథ తక్కువ. ఊరికి దుండగులొస్తారు, వీరుడొస్తాడు, వాళ్లు పోతారు. రుచి అంతా గడుల్లో ఉంటుంది. పేజీకి అడ్డంగా పరిచిన ఒక పెద్ద గడిలో ఎడారి, ఆ ఎడారిలో చీమంత రౌతు. వెంటనే ఇరుకు గడులు: కళ్లు, ఒరమీద చెయ్యి, బిగిసిన దవడ. సినిమాలో దర్శకుడు మనల్ని ఆపి ఉంచాలి. కామిక్‌లో పాఠకుడే ఆగుతాడు. పేజీ తిప్పితే ఎవరు పడ్డారో తెలుస్తుంది కాబట్టి, ఉత్కంఠ గడిని కుడిచేతి పేజీ చివరన పెట్టడం ఈ చిత్రకారులకు వెన్నతో పెట్టిన విద్య.

అమెరికాలో 1954లో కామిక్స్‌కు నియమావళి వచ్చి హింసకు కళ్లెం వేసింది. నెత్తురు చూపించలేని వీరుడు ఏం చేస్తాడు? దుండగుడి చేతిలోని తుపాకిని ఎగరగొడతాడు! అడ్డంకి వేళ అక్కరకొచ్చిన ఈ చిట్కా వీరుడి గురిని చావుకంటే గొప్పగా చూపించింది. 1960లో స్టాన్ లీ, జాక్ కర్బీ మళ్లీ మలిచిన రాహైడ్ కిడ్ అయితే నేరం చేయకుండానే నేరస్థుడి ముద్ర పడ్డవాడు. మన సినిమాల మంచి దొంగకు వరసకు అన్నే.

చిత్రమేమిటంటే, ఈ ప్రక్రియను ఎక్కువగా సాగు చేసింది యూరప్‌వాళ్లు. ఇటలీలో బోనెల్లి రాతతో, గాలెప్పిని గీతతో 1948లో మొదలైన టెక్స్ విల్లర్ ఇప్పటికీ వస్తున్నాడు. అతను నవాహో తెగకు నాయకుడు కూడా. తెల్లవాడి తుపాకిని తెగ పక్షాన నిలబెట్టిన ఆలోచన అది, ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. బెల్జియం చిత్రకారుడు మోరిస్ సృష్టించిన లక్కీ లూక్ తన నీడకంటే వేగంగా తుపాకి దూస్తాడు. మొత్తం వెస్టర్న్ వీరత్వం మీద ఇంత ముద్దొచ్చే వెక్కిరింత మరొకటి లేదు. 1963లో బ్లూబెర్రీని గీయడం మొదలుపెట్టిన ఫ్రాన్సువాడు జాన్ జిరో కుర్రతనంలో కొన్నాళ్లు మెక్సికోలో ఉండి ఎడారిని చూసినవాడు. ఆ బొమ్మల్లో దుమ్ము, ఎండ కంటికి తగులుతాయి.

ఈ వీరులు మన పొరుగున తమిళంలోకి శివకాశి నుంచి వచ్చారు. 1972లో ముత్తు కామిక్స్, 1984లో లయన్ కామిక్స్ మొదలయ్యాయి. టెక్స్ అక్కడ ఇంటివాడైపోయాడు. తెలుగులో అలాంటి వరస నిలబడలేదు. మనకు కౌబాయ్ పుస్తకంలోంచి కాదు, వెండితెర మీంచి దిగాడు.

నిజానికి దిగింది ఆడమనిషి. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో వచ్చిన ‘రౌడీరాణి’లో పగ తీర్చుకున్నది విజయలలిత. మన కౌబాయ్ చరిత్ర చెప్పేవాళ్లు ఆమెను దాటేసి కృష్ణతో మొదలుపెట్టడం న్యాయం కాదు. ఆ మరుసటి ఏడాదే, 1971 ఆగస్టులో, అదే దాస్ చేతిలో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ అయ్యాడు. ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనీ సినిమాల ఛాయలు బాహాటంగానే ఉన్న ఈ కథను రాసింది ఆరుద్ర. నిధి వేట కథ ఇక్కడిదిగా నమ్మించడానికి ఆయన తెల్లదొరల కాలాన్నీ, ఒక సంస్థానం సొమ్మునూ పట్టుకొచ్చాడు. నటుడు నాగభూషణం జిత్తులమారితనం మాత్రం ఏ ఇటలీ నుంచీ రాలేదు, అచ్చంగా మన నాటకాల సరుకు. వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా రాజస్థాన్ ఇసుకలో తిరిగింది. పెద్ద ఎడారి, వెంటనే పెద్ద కన్ను: కామిక్ గడుల లెక్కే. ‘షోలే’ రావడానికి ఇంకా నాలుగేళ్లుంది.

తర్వాత చిరంజీవి ‘కొదమసింహం’ 1990లో, మహేష్‌బాబు ‘టక్కరిదొంగ’ 2002లో వచ్చాయి. రెండింటిలోనూ టోపీలు, గుర్రాలు బాగానే ఉన్నాయి. కానీ ఎడారిని వెతుక్కుంటూ వెళ్లేకొద్దీ కౌబాయ్ మరింత వేషగాడయ్యాడు. నేల అతనిది కాకపోతే వీరుడికి పోరాటం ఉండదు, విహారం ఉంటుంది.

ఆ నేలను తెచ్చినవాడు గోదావరిఖని కుర్రాడు శ్రీకాంత్ ఓదెల. 2023 మార్చి 30న విడుదలైన ‘దసరా’లో ఒక్క టోపీ లేదు, గుర్రమూ లేదు. అయినా అది ముమ్మాటికీ వెస్టర్నే. కదిలే రైలెక్కి బొగ్గు దింపే కుర్రాళ్లను చూడండి. సింగరేణి బొగ్గు రామగుండం ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రానికి రైళ్లలోనే పోతుంది కాబట్టి, అమెరికా కథల రైలు దోపిడీని ఇక్కడికి అరువు తెచ్చుకోవాల్సిన పనిలేకపోయింది. వెస్టర్న్‌లో సెలూన్ అనే తాగుడు కొట్టు ఉండాల్సిన చోట సిల్క్ బార్ ఉంది. షెరీఫ్ కుర్చీ బదులు సర్పంచ్ కుర్చీ కోసం కొట్లాట. ఊరి సెట్ హైదరాబాద్ దగ్గర వేసినా మసి మాత్రం ఇక్కడిదే. అన్నిటికంటే ముఖ్యం, నాని వేసిన ధరణి పిరికివాడు, మందు పడితే తప్ప ధైర్యం రాదు. చెయ్యి వణకని తుపాకి వీరుడిని తలకిందులు చేసి, చివర దసరా రాత్రి చేతికి కత్తి ఇచ్చాడు దర్శకుడు. పాత వెస్టర్న్‌లలో గనికార్మికుడు వెనకాల నిలబడే గుంపులో ఒకడు. ఇక్కడ ఆ గుంపే ముందుకొచ్చింది.

లోపం లేదని కాదు. ఆఖరి నరుకుడు మితిమీరింది. 1954 నాటి ఆ నియమావళి చేతులు కట్టేసి ఉంటే ఈ దర్శకుడు ఇంకెంత తెలివైన ముగింపు వెతికేవాడో అనిపిస్తుంది.

ఇక మిగిలింది పుస్తకం. టెక్స్ విల్లర్ నెలనెలా వచ్చే సంచికలు ఈనాటికీ ఎక్కువగా నలుపు తెలుపుల్లోనే అచ్చవుతున్నాయి. ఓపెన్‌కాస్ట్ మట్టిగుట్టలూ, బొగ్గు వ్యాగన్లూ, రాత్రి షిఫ్టు దిగి వచ్చే మొహాలూ గీయడానికి రంగులు కూడా అక్కర్లేదు. తెలుగు చిత్రకారులు ఇంకులో కుంచె ముంచితే చాలు, నిడివి వంద పేజీలైనా ఫర్వాలేదు, కొని చదివేవాళ్లు ఖనిలోనే ఉన్నారు.