కరెంటు ఉన్న రోజే తీసి చూడాలి

కరెంటు బాగుపడిన కొద్దీ ఇళ్లలో జనరేటర్లు పాడవుతున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నాటి కోతలు గుర్తున్నవాళ్లకు ఈ మాట వింతగా అనిపించదు. పరిశ్రమలకు పవర్ హాలిడేలు, ఇళ్లకు గంటల కొద్దీ చీకటి. అయినా ఆ రోజుల్లో మా వీధిలో జనరేటరు మొరాయించిందన్న మాట వినలేదు. రోజూ తిరిగేది మరి. ట్యాంకులో పెట్రోలు నిలవ ఉండేది కాదు. ఆయిల్ నల్లబడితే కంటపడేది. ఇంజను బిగుసుకుంటుంటే తాడు లాగే చేతికి ఆ రోజే తెలిసేది.

ఇప్పుడు మా విశాఖలో చాలాచోట్ల తీగలు భూమిలోకి దిగాయి. కరెంటు పోతే పది నిమిషాలు, ఆ పది నిమిషాలూ ఇన్వర్టరు చూసుకుంటుంది. జనరేటరు మెట్ల కింద కవరు కప్పుకుని పడి ఉంటుంది. తీరం వెంట బతికేవాళ్లకు మాత్రం ఇంకో రకం కోత మిగిలే ఉంది. ఏళ్లకోసారి వస్తుంది, వచ్చిందంటే రోజుల తరబడి కదలదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరి మీదే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని చిదిమేసింది. హుద్‌హుద్ నాటి మొదటి రాత్రికే ఇన్వర్టర్లు మూగబోయాయి. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో లెక్కకు ఉండేది 1,800 వాట్-అవర్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు ట్యూబులైట్లు వేస్తే తెల్లారేదాకా రావడమే కష్టం. మళ్లీ నింపడానికి కరెంటు లేదు. ఆ వారం పైట్యాంకులకు నీళ్లెక్కించుకోడానికి జనరేటరు ఎవరి దగ్గర ఉందా అని జనం తిరిగిన తిరుగుడు నేను మరిచిపోలేను.

ఏడాదంతా కదలకుండా పడి ఉండి, ఒక్క రాత్రిలో లేచి, నాలుగు రోజులు పనిచెయ్యాలి. ఒక చిన్న ఇంజనును అంతకంటే కష్టమైనది అడగలేం. అందుకే నెలకో ఆదివారం మా ఇంట్లో కరెంటు నేనే తీసేస్తాను.

ఇది నాకు నేర్పింది ఓ పాత మెకానిక్. అంతకుముందు నేనూ అందరిలాగే తాడు లాగి, ఐదు నిమిషాలు తిప్పి, ఆపేసేవాణ్ని. ఆయన విని, ‘‘ఖాళీగా తిప్పితే ఇంజను సంగతే తెలుస్తుంది గురువుగారూ, కరెంటు సంగతి తెలీదు’’ అన్నాడు. నిజమే. చాలాకాలం తిప్పని జనరేటరులో ఇంజను చక్కగా తిరుగుతూనే వోల్టేజి సున్నా చూపించవచ్చు. రోటరు ఇనుములో మిగిలి ఉండాల్సిన కాస్త అయస్కాంత శక్తి పోతుంది, అది లేకపోతే కరెంటు పుట్టడమే మొదలవదు. బ్యాటరీతో ఓ క్షణం తాకించి మెకానిక్ దాన్ని లేపగలడు. తుపాను రాత్రి మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు?

కాబట్టి మెయిన్ దించి, జనరేటరు మీద ఇల్లంతా ఓ అరగంట నడవాలి. ముందు లైట్లు, ఫ్యాన్లు, తర్వాత ఫ్రిజ్, చివర్న నీళ్ల మోటారు. ఈ వరుస ముఖ్యం. ఒక హార్స్‌పవర్ మోటారు తిరిగేటప్పుడు 746 వాట్ల పని చేస్తుంది గానీ, లేచే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ క్షణంలో ఇంజను గొంతు ఎలా మారుతుందో వినండి. ఒక్కసారి మూలిగి తేరుకుంటే మంచిదే. మూలుగుతూనే ఉండి లైట్లు ఎర్రబడితే ఆ మోటారు దాని తాహతుకు మించినది. చేతిలో మల్టీమీటరు ఉంటే ఇంకా మేలు. ఇళ్లలో వాడే చిన్న పెట్రోలు జనరేటర్లు చాలావాటికి నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే 50 హెర్ట్జ్. ఖాళీగా ఉన్నప్పుడు 52 దాకా ఉండి, లోడు పడ్డాక 50 దగ్గర నిలబడితే ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నరు ఆరోగ్యంగా ఉన్నట్టే. అపార్టుమెంట్ల డీజిల్ సెట్లకు ఖాళీగా తిప్పడం ఇంకా చేటు. లోడు లేక ఇంజను వేడెక్కదు, సగం కాలిన డీజిల్ మసై, జిడ్డై సైలెన్సరు దాకా పేరుకుంటుంది. లిఫ్టూ మోటారూ వేసి తిప్పమని మీ కమిటీని అడగండి.

జనరేటర్లను ఎక్కువగా చంపేది పాత పెట్రోలే. ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది, మన తీరంలో తేమకు కొదవ లేదు. కొన్ని నెలలకు పెట్రోలు బంకలా మారి కార్బరేటరు జెట్టును మూసేస్తుంది. సన్నటి ఆ రంధ్రం మూసుకుంటే ఇంజనుకు ఇంధనం అందదు. నేను ట్యాంకులో ఆ పరీక్షకు సరిపడా మాత్రమే పోస్తాను. చివర్న ఇంజనును స్విచ్చితో ఆపను. లోడు తీసేసి, పెట్రోలు ట్యాపు కట్టి, కార్బరేటరులో ఉన్నదంతా తాగి దానంతటదే ఆగేదాకా నిలబడతాను. ఆ చివరి గుటకల చప్పుడు నాకిష్టం. ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు విప్పి చూడటం ఆ తర్వాత. ఆయిల్ ఆరు నెలలకోసారి మారుస్తాను, తిప్పినా తిప్పకపోయినా. తుపాను రోజుల్లో అయితే పెట్రోలు పోసే ప్రతిసారీ ఇంజను చల్లారనిచ్చి ఆయిల్ మట్టం చూడాలి.

రెండు విషయాల్లో మాత్రం రాజీ వద్దు. జనరేటరు ఆరుబయట ఉండాలి, పొగ ఏ కిటికీ వైపూ రాకూడదు. వాన పడుతోందని వరండాలోకో వంటగది పక్కకో లాగితే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దానికి వాసన లేదు.

రెండోది చేంజోవర్ స్విచ్, ఇంటిని వీధి లైనుకో జనరేటరుకో ఒక్కదానికే కలిపేది. రెండు వైపులా పిన్నులున్న వైరు ఒకటి చేయించుకుని, ప్లగ్ పాయింటులోంచే ఇంటికి కరెంటు ఎక్కించేవాళ్లను చూశాను. మెయిన్ దించడం మరిస్తే ఆ కరెంటు మీటరు దాటి వీధిలోకి వెళుతుంది. వీధి ట్రాన్స్‌ఫార్మరు 11 వేల వోల్టులను మన ఇళ్లకు తగ్గించి ఇచ్చేదే. వెనక నుంచి మన 230 వెళ్తే అదే దాన్ని వేలల్లోకి పెంచి లైను మీదకు పంపుతుంది. తుపాను మర్నాడు ఆ స్తంభం మీద ఉండేది మన కోసం నిద్ర మానుకుని వచ్చిన లైన్‌మన్. ఇలాంటి వైరు మీ ఇంట్లో ఉంటే ఈ రోజే కోసి పారేయండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చేంజోవర్ పెట్టించుకోండి. నెల పరీక్షలో నేను మొదట చూసేది కూడా దాని పిడే. ఉప్పుగాలికి బిగుసుకుంటుంది.

సెప్టెంబరు పరీక్ష మా ఇంట్లో చీకటి పడ్డాక, రెండు గంటలు. టార్చి ఎక్కడుందో, గరాటు ఎక్కడుందో, చోక్ ఎప్పుడు నెట్టాలో పగటిపూట తెలిసినంత సులువుగా రాత్రి తెలీదు. పైగా తుపాను నాడు నేను ఇంట్లో ఉంటానని ఏముంది? అందుకే ఇప్పుడు తాడు నేను ముట్టుకోవడం లేదు. పోయిన నెల మా అమ్మాయి స్టార్టు చేసి, చేంజోవర్ తిప్పి, మోటారు దాకా వరుస తప్పకుండా వేసింది. ఈ నెల మా ఆవిడ వంతు.