సున్నం దాచిన నీలం

కొండ మలుపు తిరిగామో లేదో, ఒక్కసారిగా ఎదురయ్యావు, ఓహ్రిద్! భుజాల నిండా ఎర్ర పెంకుల ఇళ్లు, పాదాల దగ్గర కంటికి ఆనని నీలం. ఉత్తర మాసిడోనియా నైరుతి మూలన, అల్బేనియాతో పంచుకున్న ఆ నీళ్ల వయసు పది లక్షల ఏళ్లు దాటిందట. లోతు 288 మీటర్లు. సరస్సన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఒండ్రు పేరుకుని పూడిపోతుంది. నీ సరస్సు మాత్రం పూడలేదు. ఒడ్డున నిలబడి చూస్తే అడుగున రాళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టేంత తేటగా ఉంది.

ఆ తేటదనం ఎక్కడిదో తర్వాత తెలిసింది. తూర్పున గలిచిత్స కొండ. దాని అవతల, నీకంటే సుమారు 150 మీటర్లు ఎత్తున ప్రెస్పా సరస్సు. మధ్యలో ఉన్నదంతా సున్నపురాయి. ప్రెస్పా నీళ్లు ఆ కొండ కడుపులోకి ఇంకి, చీకట్లో రాతి సందుల్లో వడగట్టుకుని, ఇవతల ఊటలై పైకి లేస్తాయి. నీకు అందే నీళ్లలో దాదాపు సగం ఊటలవే. నిన్ను సాకుతున్నది సున్నం, ఓహ్రిద్. ఈ మాట నీ గుళ్లలోకి వెళ్లాక ఇంకా బాగా అర్థమైంది.

మా ఊళ్లో సంక్రాంతి ముందు గోడలకు సున్నం కొట్టేవారు. ఏడాది మరకలన్నీ ఆ తెలుపు కింద మాయమయ్యేవి. నీ సెయింట్ సోఫియా చర్చిలోనూ అలాగే కొట్టారు. ఆ గోడల మీదున్నవి 11వ శతాబ్దంలో ఆర్చ్‌బిషప్ లియో రోజుల్లో వేయించిన బొమ్మలు. ఒట్టోమాన్ పాలనలో చర్చి మసీదయినప్పుడు గోడలన్నీ తెల్లబడ్డాయి. 1950ల్లో ఆ పొరను ఓర్పుగా తీస్తే కింద బొమ్మలు బతికే ఉన్నాయి! గర్భగుడి గోడల మీద రెండు వైపులా వంగి నడిచి వస్తున్న దేవదూతలు. వాళ్ల వెనక లోతైన నీలం. కొండ కడుపులో నీళ్లు దాగినట్టే ఈ నీలమూ సున్నం కింద దాగింది. అసలు ఆ బొమ్మలు పుట్టిందే తడి సున్నం మీద. రంగును తనలోకి లాక్కుని పట్టి ఉంచింది సున్నమే, కష్టకాలంలో కొంగు కప్పి దాచిందీ సున్నమే.

పైన కొండ మీద పెరివ్లెప్తోస్ చర్చిలో ఇంకో రకం దాపరికం ఉంది. 1295లో అక్కడ గోడలకు రంగులద్దినవాళ్లు మిఖాయిల్, యుతిఖియోస్ అనే ఇద్దరు. ఆ కాలపు చిత్రకారులు సాధారణంగా పేరు రాసుకునేవారు కాదు. వీళ్లు మాత్రం తాము వేసిన వీరసాధువుల కత్తి మీద, అంగీ మీద తమ పేర్లను చిన్నగా రాసుకున్నారు. మెడ నొప్పెట్టేదాకా వెతికాను ఆ అక్షరాల కోసం. ఏసు దేహం చుట్టూ చేరి ఆడవాళ్లు గుండెలవిసేలా ఏడుస్తున్న బొమ్మ కూడా ఆ గోడల మీదే ఉంది. దాని ముందు చాలాసేపు మాట రాలేదు.

బాసరలో బియ్యంలో వేలు పెట్టి అక్షరం దిద్దే నేల నుంచి వచ్చినదాన్ని. అందుకే ప్లావోష్నిక్ మెట్టమీద, క్లెమెంట్ సమాధి దగ్గర తల దానంతటదే వంగింది. స్లావ్ జనం మాటకు లిపి కట్టిన సిరిల్, మెథోడియస్‌ల శిష్యుడాయన. 916లో కన్నుమూసేలోగా మూడున్నర వేల మందికి చదువు చెప్పాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. గ్రీకు నేల నుంచి మంచి పళ్ల చెట్లు తెప్పించి ఇక్కడి అడవి చెట్లకు అంటు కట్టించాడని కూడా అందులోనే ఉంది. అక్షరాన్నీ ఆయన అలాగే అంటు కట్టాడు, నేల అడిగినంత మెల్లగా.

ఏడాదిలో రోజుకొకటి చొప్పున 365 చర్చిలుండేవని నీవాళ్లు చెప్పుకుంటారు. అన్నీ చూడలేకపోయాను. కానేవో కొండకొమ్మున సెయింట్ జాన్ చర్చి దగ్గర కూర్చుంటే లేవబుద్ధి కాలేదు. సందుల్లో ఇళ్లు మీదికి పెరిగేకొద్దీ వీధిలోకి జరిగి ఒకదానితో ఒకటి ముచ్చట్లాడుతుంటాయి. వీధిదీపాలు సైతం ఆ ఇళ్ల ఆకారంలోనే! ముత్యాలంటే చార్మినార్ వీధులే గుర్తొచ్చే నాకు నీ ముత్యాలూ చూపించావు. ఆల్చిప్పతో చేసిన పూస మీద ప్లాషిత్సా అనే చిరుచేప పొలుసుల రసాన్ని పొర మీద పొరగా పూస్తారు. ఆ రసం చేసే కిటుకు రెండు కుటుంబాల గడప దాటలేదు.

ఒక్క దుఃఖం చెప్పకుండా ఉండలేను. నీ నీళ్లు ఉత్తరాన స్త్రూగా ఊళ్లో నల్ల ద్రిమ్ నదిగా బయల్దేరతాయి. అక్కడి వంతెన మీద ఏటా కవులు కవితలు చదువుతారు. 1983లో ఆ పండుగ స్వర్ణమాల మన హిందీ కవి అజ్ఞేయను వరించింది. ఆ వంతెన కిందుగానే మలుగు చేపలు అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రం దాకా వెళ్లి గుడ్లు పెట్టేవి, వాటి పిల్లలు తిరిగి నిన్ను వెతుక్కుంటూ వచ్చేవి. 1960ల్లో నదికి అడ్డంగా ఆనకట్టలు లేచాయి. దాగిన నీళ్లు తిరిగొచ్చాయి, దాగిన బొమ్మలు తిరిగొచ్చాయి. ఆ చేపలకు మాత్రం దారి లేకుండా పోయింది.

ఆఖరి రోజు దక్షిణాన సెయింట్ నౌమ్ మఠానికి వెళ్లాను. ఆవరణలో నెమళ్లు, మన పొలాల్లో తిరిగినంత ధీమాగా. 910లో పోయిన నౌమ్ సమాధి రాతికి చెవి ఆనిస్తే ఆయన గుండె చప్పుడు వినిపిస్తుందంటారు. వరుసలో నా ముందున్న ముసలమ్మ కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. తర్వాత నేనూ చెవి ఆనించాను. చల్లటి రాయి. లోపల టక్ టక్‌మని ఏదో చప్పుడు.

తర్వాత పడవెక్కి ఊటల దగ్గరికి వెళ్లాం. పడవ నడిపే పెద్దాయన తెడ్డు పైకెత్తి, వేలితో కిందికి చూపించాడు. అడుగున ఇసుక ఎసట్లో బియ్యం గింజల్లా కుతకుతా ఎగిరెగిరి పడుతోంది. చెయ్యి ముంచితే నీళ్లు మంచులా చల్లగా ఉన్నాయి.