పాత ఛాయాచిత్రాల పునరుద్ధరణ: ఒక పరిశీలన

సామాన్య కుటుంబానికి ఛాయాచిత్రం కేవలం అలంకారం కాదు, అది వంశచరిత్ర. నల్గొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుండి మరమగ్గాల పనికై సూరత్ చేరి, లింబాయత్ వంటి పేటలలో స్థిరపడిన పద్మశాలి కుటుంబాలకు ఈ మాట మరింతగా వర్తిస్తుంది. సొంత ఊరు, పాత ఇల్లు వెనుకబడిపోగా, కుంకుమబొట్టు పెట్టి గోడకు తగిలించిన తాతగారి పటమే పూర్వికుల ఆనవాలుగా మిగులుతుంది.

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి విడుదలైన నీటితో తాపీ నది పొంగి సూరత్‌లో అధికభాగాన్ని ముంచెత్తింది. అటువంటి విపత్తులో పటానికి రెండు విధాల హాని కలుగుతుంది.

మొదటిది నీటివల్ల. నలుపు తెలుపు చిత్రంలో వెండి రేణువులను పట్టి ఉంచే జిలాటిన్ పొర తడిసి ఉబ్బుతుంది. ఆరేటప్పుడు అద్దానికి అంటుకుంటుంది. బలవంతంగా లాగితే ముఖమే ఊడివస్తుంది. తడి చిత్రాన్ని శుభ్రమైన చల్లని నీటిలో మెల్లగా కడిగి, బొమ్మవైపు తాకకుండా నీడలో ఆరబెట్టాలి. అద్దానికి అంటుకున్నదానిని అలాగే ఉంచి ప్రతి తీయడం మేలు. కెమెరాను పటానికి సమాంతరంగా నిలిపి, ఫ్లాష్ వాడక, రెండు ప్రక్కల నుండి ఏటవాలుగా సమానమైన వెలుతురు పడనిస్తే అద్దంపై మెరుపు రాదు.

రెండవ హాని మరమ్మతు పేరిట జరుగుతుంది. కంప్యూటర్ సాయంతో ముడతలు మాయమవుతాయి. ధోవతికి బదులు కోటు, మట్టిగోడకు బదులు ఉద్యానం వెలుస్తాయి. పూర్వపు స్టూడియోలలోనూ రంగుల తెరలు, కుంచె దిద్దుబాట్లు ఉండేవి కదా అన్న వాదన ఉంది. అయితే ఆ తెర ముందు నిలిచినది ఆ మనిషే. ఆ ముచ్చట ఆయనదే. నేటి కోటు మనుమల ముచ్చట. చిరుగును పూడ్చడం పునరుద్ధరణ. మనిషిని మార్చడం కల్పన. ఈ భేదాన్ని విస్మరించిన పనితనం ఎంత నేర్పు గలదైనా ప్రశంసనీయం కాదు.

నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ గాజు నెగెటివులకు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం ఆశ్రయమిచ్చింది. నేతకారుని పటానికి ఇల్లే భాండాగారం. కనుక దిద్దుబాట్లన్నీ ప్రతిపైనే చేయాలి. మాసినదైనా మూలాన్ని భద్రపరచాలి. గుర్తుపట్టగల పెద్దలు ఉండగానే ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అన్న వివరాలు వ్రాసి ఉంచాలి. మరుపున పడిన పేరును ఏ యంత్రమూ పునరుద్ధరింపజాలదు.