నైట్ డ్యూటీలే కావాలనేవాడు

మొన్న ఆదివారం మా రైల్వే ఊరి గోల్‌బజార్‌లో చేపల దగ్గర మా క్వార్టర్ల లైన్లో ఉండే మావయ్య వరసాయన నన్ను పక్కకు పిలిచాడు. గొంతు తగ్గించి, “బాబూ, పేపర్లో రాత్తావు కదా, నీకు తెలిసుంటాది. ఆడపిల్లలంటే ఇష్టం లేదంతన్న గుంటడిని వైజాగులో ఏ డాక్టరుకి సూపిత్తే నయమవుద్ది?” అన్నాడు. ఎవరి గుంటడని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఒళ్ళు మండింది. కౌన్సెలింగులంటే నాకెంత చిన్నచూపో ఈ కాలమ్ చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. సాయంత్రం అరుగు మీద నలుగురితో చెప్పుకుంటే తీరని బాధ ఉండదన్నది నా పాత పాట. ఈ వారమూ అదే పాడదామని కూర్చున్నాను. కుర్రాడికి జబ్బే లేదు, డాక్టరెందుకు?

జబ్బు లేదన్న మాట నాది కాదు. సుప్రీంకోర్టు 377వ సెక్షన్ కోరలు పీకిన 2018లోనే ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఆ మాట చెప్పింది. ‘మార్చేస్తాం’ అనే వైద్యం వృత్తికే మచ్చ, శిక్షార్హమని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. కాబట్టి మావయ్య వెతికే డాక్టరు దొరక్కపోవడమే మేలు.

ఇంతవరకూ బాగానే రాశాను. అరుగు ప్రస్తావన దగ్గరికి వచ్చేసరికి మా జతగాడొకడు గుర్తొచ్చాడు.

నింపురా యార్డులో ట్రైన్స్ క్లర్కు. హ్యాండ్ లాంప్ పట్టుకుని వ్యాగన్ నంబర్లు రాసుకునే పని. అందరూ వదిలించుకోవాలని చూసే నైట్ డ్యూటీలు వాడు అడిగి మరీ వేయించుకునేవాడు. మాతా పూజకి మా ట్రాఫిక్ పేట అంతా రోడ్డు మీద ఉంటే వాడు యార్డులో ఉండేవాడు. అరుగు మీద జోకు పేలితే ముందు మా మొహాలు చూసి, ఆ తర్వాత నవ్వేవాడు. ఏటా ఎండాకాలంలో శ్రీకాకుళం నుంచి సంబంధాలొచ్చేవి. ఒక ఏడు చెల్లెలి పెళ్ళి అడ్డం, ఇంకో ఏడు ప్రమోషను, ఆ పై ఏడు నాన్న కళ్ళ ఆపరేషను. మేమూ ఊరుకోలేదు, పాపం వాడి నడక మీద కూడా పందేలేసి అనుకరించేవాళ్ళం. తాగుడు పెరిగింది. బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ అరుగు మీద వాడు ఒక్క మాట చెప్పుకోలేదు. ఎలా చెప్పుకుంటాడు, వాడి బాధకు మూలం ఆ అరుగే అయితే?

వాడు పడ్డదానికి ఇలాన్ మేయర్ అనే అమెరికా పరిశోధకుడు 1995లోనే లెక్క కట్టాడు. ఎదురుపడి తిట్టిన తిట్టే కాదు, ఎవరేమంటారోనన్న కాపలా, చివరికి తన మీద తనకే అసహ్యం, ఇవన్నీ కలిసి మనసును తినేస్తాయన్నాడు. దీనికి తగ్గ చికిత్సను యేల్‌లో జాన్ పచాంకిస్ బృందం తయారు చేసింది. పది సిట్టింగులు. కుర్రాణ్ణి మార్చడం అందులో లేదు. ఎక్కడ నోరు నొక్కుకున్నావు, ఆ భయం నీకు ఎవరు నేర్పారు, ఇప్పుడూ అది అవసరమా అని ఆరా తీయిస్తారు. 63 మంది గే, బైసెక్సువల్ యువకుల మీద చేసి 2015లో ప్రచురించిన పరీక్షలో దిగులు, తాగుడు, కండోమ్ లేని శృంగారం తగ్గాయి. 254 మందితో చేసి 2022లో ప్రచురించిన పెద్ద పరీక్షలో మాత్రం హెచ్ఐవీ ముప్పు విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాలాంటి సణుగుడుగాడికి అదొక వంక. అయినా నింపురా వాడికి అలాంటి పది గంటలు దొరికుంటే బాగుండేదనే అంటాను.

వాడికి పది గంటలు సరే, మరి నవ్విన మాకు? 2021లో మద్రాసు హైకోర్టుకి ఇద్దరమ్మాయిలు కన్నవాళ్ళ నుంచి రక్షణ కోరుతూ వచ్చారు. తనకీ విషయం సరిగా తెలియదని జస్టిస్ ఆనంద్ వెంకటేష్ ఒప్పుకుని, ఒక మనస్తత్వ నిపుణురాలి ముందు స్వయంగా కూర్చుని నేర్చుకున్నాకే తీర్పు రాశారు. కౌన్సెలింగుకి నేను దణ్ణం పెట్టింది ఆ ఒక్కసారే.

ఇంట్లో ఇలాంటి కుర్రాడున్న తండ్రులకు నా మనవి. వాణ్ణి లాక్కెళ్ళకండి, ముందు మీరు వెళ్ళండి. ‘మారుస్తాను’ అన్న డాక్టరు దగ్గర ఫీజు కట్టకుండా లేచి వచ్చేయండి. వెళ్ళడానికి మొహమాటమైతే టెలిమానస్ ఉంది, నంబరు 14416. రాత్రీ పగలూ పలుకుతారు, పైసా ఖర్చు లేదు.