నరకద్వారాల చప్పుడు

1667లో వెలువడిన ‘పారడైజ్ లాస్ట్’ ద్వితీయ సర్గలో నరకద్వారాలు కర్కశధ్వనితో తెరచుకొంటవి. సప్తమ సర్గలో స్వర్గద్వారాలు శ్రుతిమధురంగా తెరచుకొంటవి. చూపు కోల్పోయిన మిల్టన్ ఆ రెండు లోకాల భేదాన్ని చెవికే అప్పగించినాడు. నరకద్వారాలకు ఆయన వాడిన ‘గ్రేట్’ అనే ఆంగ్లక్రియలో కీళ్ల ఒరపిడీ, దాని చప్పుడూ కలిసియున్నవి.

అనువాదకుడు ఇచ్చట ‘కర్ణకఠోరం’ అని ఊరుకొంటే శబ్దంపై తీర్పు తెలుస్తుంది, శబ్దం వినబడదు. కిర్రు, కీచు, బరబర, గరగర వంటి అనుకరణపదాలకు తెలుగున కొదువ లేదు. వాటిని గ్రామ్యమని వెలివేయడం పొరపాటు. ఏదైనా చెల్లుననుకోవడమూ పొరపాటే. ‘కిర్రుమన్నవి’ అంటే పెరటి తలుపు గుర్తుకు వస్తుంది. మిల్టన్ ఒరపిడికి ఉరుమును జోడించినాడు. తెలుగులోనూ ‘గరగర’కు ఉరుము తోడైనప్పుడే అవి నరకద్వారాలవుతవి.