మైనారిటీ: ఎవరి కొలత?

కేతేపల్లి రైతుకు మైనర్ అంటే పెద్ద కాలువ నుంచి చీలిన చిన్న కాలువ. ఊరి వెక్కిరింతలో మైనర్ బాబు అంటే సోకులరాయుడు. కోర్టులో 18 ఏళ్లు నిండనివాడు. అన్నిటికీ మూలం 'చిన్నది' అనే లాటిన్ మాటే. మా ఉర్దూ 'అఖల్లియత్' కూడా 'కొద్ది' నుంచి పుట్టిందే.

రాజ్యాంగం 30వ అధికరణలో మైనారిటీ అంది, అర్థం చెప్పలేదు. 1992 చట్టం, కేంద్రం ప్రకటించినవాళ్లే మైనారిటీ అంది. 1993లో ఐదు మతాలు, 2014లో జైనులు. సర్కారు లెక్కకు సరే. స్కాలర్‌షిప్పు ఫారంలో మేమూ అక్కడే టిక్కు పెడతాం.

మా పేచీ విమర్శకులతో. 1998లో 'జల్‌జలా' వచ్చింది. అయినా మేం రాసిందంతా 'మైనారిటీ సాహిత్యం'! ఊళ్లో సాయిబులంటారు, తురకోళ్లంటారు. అందులో ఎత్తిపొడుపుంది, వరసా ఉంది. ఈ మాటలో తలల లెక్క తప్ప ఏముంది? దూదేకుల ఇంటి ఆకలికీ, సయ్యదుల ఇంటి దిగులుకూ ఒకే చీటీ అంటించి, చదవకుండానే పేజీ తిప్పేస్తున్నారు.