మేఘసందేశమున యక్షుని పెరటితోఁట

మేఘసందేశమున యక్షుఁడు తన యింటి గుఱుతులను మేఘునకుఁ జెప్పు ఘట్టము తఱచుగా నలంకారచర్చకు మాత్రమే వినియోగపడుచున్నది. మరకతసోపానములను, ఇంద్రనీలశిఖరమును, కనకకదళులను జూపి, యిది సమృద్ధివర్ణనము గావున నుదాత్తాలంకారమని చెప్పి ముందునకు సాఁగుట పరిపాటి. లక్షణము తప్పు గాదు. కాని యంతమాత్రమున నీ ఘట్టమునకుఁ బ్రాణమైన యంశము మఱుఁగుపడుచున్నది.

గుఱుతులను వరుసగాఁ బరిశీలింపవలెను. కుబేరగృహమున కుత్తరముగా నింద్రధనుస్సువంటి తోరణము, దాని చేరువ లేఁతమందారము, పిదప దిగుడుబావి, దాని గట్టునఁ గ్రీడాశైలము, గోరంటకంచె గల మాధవీమండపము, దాని దాపున నశోకమును, పొగడయు, ఆ రెంటి నడుమ నెమలి వ్రాలు బంగారుదండము, తుదకు ద్వారముకడ లిఖింపఁబడిన శంఖపద్మములు. ఇన్నిటిలో గోడల లోపలి వస్తు వొక్కటియు లేదు.

మేఘుఁడు మీఁదనుండి వచ్చువాఁడు గావున బయటివస్తువులే గుఱుతు లగునని సమాధానము చెప్పవచ్చును. అది సగమే సత్యము. గుఱుతుకొఱకే యైనచోఁ దోరణమును, శంఖపద్మములును జాలును. మందారమును భార్య పెంపుడుకొడుకువలెఁ బెంచినదనియు, దాని పూగుత్తులు చేతి కందునట్లు వంగియున్నవనియు, ఆమె గాజులు మ్రోయఁ దాళము వేసి నెమలి నాడించుననియు దారి యడుగువానికిఁ జెప్పఁ బనిలేదు. ఆ మాటలు చెప్పువానికే కావలయును.

ఈ గృహవర్ణనమున యక్షుఁడు తనకు జ్ఞప్తికి వచ్చుచున్నదని పైకిఁ జెప్పుకొనినది యొక్క వస్తువునుగూర్చియే. అది క్రీడాశైలము. నల్లని మేఘుని యంచుల మెఱపు మెఱయఁగాఁ జూచి, బంగారుటరఁటులు చుట్టుకొనిన యా నీలపుఁగొండను దలఁచి యతఁడు చలించినాఁడు. దానికి హేతువుగాఁ జెప్పినది రత్నముల వెల గాదు. అది తన యిల్లాలికిఁ బ్రియమనుటయే. ఇంటి లోపలికిఁ జూచుటకు ముందు మేఘుఁడు గున్నయేనుఁగంత రూపముతోఁ గూర్చుండవలసిన చోటును నా కొండయే.

ప్రవాసమున నితనికి వనసంపద కొఱఁత కాలేదు. రామగిరి యనఁగాఁ జిత్రకూటమని మల్లినాథసూరి వ్యాఖ్యానించెను. నాగపురసమీపమున నున్న రామటేకని యాధునికులు పలువురు తలంతురు. ఏది యైనను నచట దట్టని నీడచెట్లును, జానకి స్నానముచేఁ బవిత్రములైన జలములును గలవని కవి మొదటి శ్లోకముననే చెప్పెను. మేఘుని కర్ఘ్యమిచ్చుటకుఁ గొడిసెపూలును దొరకినవి. అయినను యక్షునకుఁ దృప్తి లేదు. ఆ చెట్ల కితఁడు నీరు పోయలేదు. ఆ కొమ్మలను దన యిల్లాలు వంచలేదు. కావున నిచ్చటి లోటు చెట్లు లేమి కాదు, తన చేతికిఁ దెలిసిన చెట్లు లేమి.

దిగుడుబావిలోని హంసలమాట యిందులకుఁ దోడుపడుచున్నది. వానకాలమున హంసలు మానసమునకుఁ బోవుట కవిసమయము. ఈ హంసలో, మానసము దాపుననే యున్నను, మేఘునిఁ జూచియు, దానిఁ దలఁపవట. వలసపోవుట స్వభావముగాఁ గల పక్షు లా నీటిని విడువకుండఁగా, యజమానుఁడే శాపవశమున నేఁడాదిపాటు దానికి దూరమైనాఁడు. ఈ వైపరీత్యమును యక్షుఁడు వాచ్యముగాఁ జెప్పలేదు. చెప్పకుండుటచేతనే యది మనస్సును దాఁకుచున్నది.

మణులును, బంగారమును అలకాపురి కంతకు సామాన్యములు. వానివలన నొక యిల్లు వేఱుపడదు. చేతి కందు పూగుత్తి యా యింటిది. మందార మామె పెంచినది, కొండ యామెకుఁ బ్రియమైనది, అశోక మామె పాదమును గోరునది. ఇట్లు పెరటిపై బెంగయు, భార్యపై విరహమును నొక్కటియే యగుచున్నవి. కావున నుదాత్తమును జెప్పుచునే, యీ ఘట్టమును విప్రలంభమున కంగముగా బోధించుట యుక్తము. అనువదించువారును రత్నములకుఁ బెద్దసమాసములు గూర్చి, వంగిన కొమ్మను సంక్షేపింపకుందురు గాక.